రాని పిల్ల గడి

ఈశ్వరమ్మ మేడం చీర కింద కాన్వాసు బూట్లు వేసుకునేది. హఫీజ్‌పేట్ స్టేషన్ అవతలి సర్కారు హైస్కూలుకు ఆమె హెడ్మాస్టరుగా వచ్చినప్పుడు పిల్లలు మొదట చూసింది ఆ బూట్లనే. ఆమెది కదిరి వైపు పల్లె. తండ్రి గోవిందప్ప వేరుశనగ రైతు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ ఖో-ఖో జట్టుకు ఆమె కెప్టెన్. ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చినా కాదని టీచరు అయిందంటారు. ఎందుకు కాదన్నదో బళ్లో ఎవరినడిగినా తలో మాట చెబుతారు.

ఇంకో నాలుగు నెలల్లో తెలంగాణ వస్తుందనగా ఆమె చనిపోయింది. సంతాప సభలో పెద్దలు క్రమశిక్షణ గురించి, సేవ గురించి మాట్లాడి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ మాటలు ఏ టీచరు పోయినా సరిపోతాయి. ఆ బడి ఉన్న బస్తీలోనే ఉండే నాకు తెలుసుకోవాలనిపించింది వేరే సంగతి. సకల జనుల సమ్మె రోజుల్లో, నడిరోడ్డు మీద, ఆమె తన పద్ధతిని తానే ఎందుకు తప్పింది?

ఆ పద్ధతి ముందు చెప్పాలి. ఖో-ఖోలో తరిమే జట్టుకు తొమ్మిది మంది. ఎనిమిది మంది వరసగా గడుల్లో కూర్చుంటారు, ఒకరు అటు తిరిగి, పక్కవారు ఇటు తిరిగి. తొమ్మిదో పిల్ల తరుముతుంది. వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అంటే కూర్చున్న పిల్ల లేచి తరమాలి, తట్టిన పిల్ల ఆ గడిలో కూర్చోవాలి. మేడం ప్రతి పిల్లకూ ఒక గడి ఇచ్చింది. ఆట మొదలయ్యేటప్పుడు ఎవరి గడి వారిదే. ఒక పిల్ల రాకపోతే ఆ గడి ఖాళీగా ఉండాల్సిందే. ఇంకొకరిని కూర్చోబెట్టేది కాదు. జ్వరమొచ్చిన పిల్లదైనా, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని ఆగిపోయిన పిల్లదైనా, గడి వారం రోజులు ఖాళీగా ఉన్నా సరే. ఆ ఖాళీని చూసి మిగతా పిల్లలే ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చేవారు.

సమ్మె మొదలైంది. టీచర్లు బయటికి వచ్చారు, బడికి తాళం పడింది. మేడం హాజరు పట్టీలో సంతకం మానేసింది. అయినా పొద్దున్నే బోరబండలో తాను కిరాయికి ఉండే గది నుంచి బయలుదేరేది. రైళ్లు ఆగిన రోజు పట్టాల పక్కనే రెండు స్టేషన్ల దూరం నడిచి వచ్చేది. బడి వెనక మైదానంలో సున్నంతో గీతలు గీసి ఆడపిల్లలతో ఆడించేది.

ఇది బస్తీలో ఇంకో రకంగా పాకింది. ఆంధ్రా మేడం సమ్మె విరగ్గొడుతోందన్నారు. మా దగ్గర అప్పుడు కర్నూలు, కదిరి, కాకినాడ అన్నీ ఒకటే, ఆంధ్రా. స్టేషన్ దగ్గర ఆటో నడిపే రామన్న ఉద్యమ కమిటీలో ముందుండే మనిషి. జట్టులో అందరికంటే వేగంగా తరిమే భూలక్ష్మి అతని కూతురే. అతను నలుగుర్ని వెంటబెట్టుకుని మైదానానికి వచ్చాడు.

“రాష్ట్రమంత బందుంటే మీరు బడి నడుపుతున్నరంట మేడం. గిదేం తీరు?”

“బడి యాడ నడస్తాందప్పా?” అంది మేడం. “గంట కొట్టినానా, పాఠం చెప్పినానా? సమ్మె పాఠాలకే. కాళ్లకు సమ్మె లేదు.”

వెంట వచ్చినవాళ్లలో ఒకడు నవ్వేశాడు. రామన్నకు అదే కోపం తెప్పించింది. “మీది తెలంగాణ కాదు గద, మా బాధ మీకేం తెలుస్తది,” అన్నాడు. మేడం ఒంగి బూట్ల తాళ్లు బిగించుకుంది. రామన్న కూతురి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. భూలక్ష్మి కాన్వాసు బూట్లు ఆటోలో సీటు కింద పడేసి, ఆ మేడం దగ్గరికి పోతే కాళ్లు విరగ్గొడతానన్నాడట.

ఆ మర్నాటి నుంచి భూలక్ష్మి గడి ఖాళీ. పిల్లలు ఇంటికి వెళ్లి పిలిచారు, రామన్న తరిమేశాడు. దసరా తర్వాత జిల్లా జట్టుకు ఎంపికలు ఉంటాయని అందరికీ తెలుసు. ఈసారి తప్పితే భూలక్ష్మికి పదో తరగతి, ఆ తర్వాత ఆటే ఉండదు. మేడం రోజూ సున్నంతో ఆ గడిని కూడా గీసేది, మిగతావాటికంటే కొంచెం లావుగా.

అప్పుడు ఊరంతా రోడ్ల మీదే ఉంది. వంటలు రోడ్ల మీద, బతుకమ్మ రోడ్ల మీద. మా వంతు వచ్చిన రోజున కొండాపూర్ వెళ్లే రోడ్డు ఆపాలని కమిటీ అనుకుంది. ఆ రోడ్డు మీద ఖో-ఖో ఆడిద్దామని మేడం బడి అటెండరు లింగమూర్తితో కబురు పంపింది. లింగమూర్తి కమిటీలో మనిషే కాబట్టి రామన్న కాదనలేకపోయాడు.

ఆటలో వరసకు రెండు చివరలా గుంజలు ఉండాలి, తారు రోడ్డులో అవి పాతలేం. అందుకని ఇద్దరు పొడుగాటి మనుషుల్ని రెండు చివరల నిలబెట్టాలన్నారు. ఒక చివర లింగమూర్తి. రెండో చివరకు రామన్న పొడుగే సరిపోయింది. వెనక సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులు ఆగిపోయాయి. మెడలో ట్యాగులున్నవాళ్లు దిగి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. రోజూ మమ్మల్ని అద్దాల వెనక నుంచి చూసేవాళ్లు ఆ పూట మాత్రం అద్దం లేకుండా చూశారు.

పిల్లలు గడుల్లో కూర్చున్నారు. ఏడుగురే. ఖాళీగా మిగిలిన గడి భూలక్ష్మిది, రామన్న నిలబడ్డ చివర నుంచి మూడోది. మేడం కొంగు నడుముకు చుట్టి, వచ్చి ఆ గడిలో కూర్చుంది.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారట. ఆమె అలా చేయగా వాళ్లెప్పుడూ చూడలేదు.

ఆట మొదలైంది. ప్రియదర్శిని అనే పిల్ల అవతలి జట్టు రన్నర్‌ను తరుముతూ వచ్చి మేడం వీపు తట్టి ‘ఖో’ అంది. ఆమె లేచింది. రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి, చీరలో పరుగెత్తింది. రన్నర్ రామన్న చుట్టూ తిరిగి అవతలికి జారుకుంది. మేడం రామన్న భుజం పట్టుకుని, గుంజ చుట్టూ తిరిగినట్టే తిరిగింది. అతను బిత్తరపోయి ఒక అడుగు పక్కకు వేశాడు.

“కదలాకప్పా రామన్నా,” అంది ఆమె రొప్పుతూ. “గుంజ కదిలితే ఆట చెడిపోతాది.”

జనం నవ్వారు. “ఏం రామన్నా, గుంజవా, మనిషివా?” అని ఎవరో అరిచారు. రామన్న కదల్లేదు. మేడం రన్నర్‌ను పట్టలేకపోయింది. ఇంకో పిల్లకు ఖో ఇచ్చి ఆ గడిలో కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

ఆ గడిలో ఎందుకు కూర్చుందని లింగమూర్తిని అడిగాను. “జనం అడగరా, గా గడి ఎవరిదని?” అన్నాడు. “రామన్న బిడ్డదని, ఆయనే ఆపిండని తేలితే అంతమంది ముంగట ఆయన ఇజ్జత్ ఏమైతది? నాతోని అన్నది, ఒక్కపూట గడి నింపితే నా పద్ధతేం చచ్చిపోదు అని.”

రామన్నను స్టేషన్ దగ్గర ఆటోలోనే పట్టుకున్నాను.

“మూడో గడిల కూసున్నప్పుడే సమజైంది నాకు,” అన్నాడు. “తిట్టినా బాగుండు. భుజం పట్టుకొని తిరిగింది, అంతే. ఇంటికి పోయి సీటు కింద బూట్లు తీసి బిడ్డకిచ్చిన.”

ఆమెకు ఎప్పుడైనా ఏమైనా చెప్పావా అని అడిగాను. లేదన్నాడు. రోజూ పొద్దున ఆటోలో భూలక్ష్మిని మైదానం దాకా దించేవాడట. మేడం తల ఊపేదట.

రైల్వే ఉద్యోగం సంగతి ఇద్దరికీ తెలియదు. అది నాకు తెలియకుండానే మిగిలిపోయింది.

భూలక్ష్మి జిల్లాకు ఆడింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అదే మైదానంలో చిన్నపిల్లలకు నేర్పుతోంది. నేను వెళ్లిన రోజు ఒక గడి ఖాళీగా ఉంది. చుట్టూ సున్నం కొంచెం లావుగా పోసి ఉంది. ఎవరిదని అడిగితే ఆమె పిల్లల్ని పంపించేసి, ఆటో దగ్గర నిలబడ్డ తండ్రిని పిలిచింది.

“నాయినా, నార్సింగి పోవాలె. మౌనిక నాలుగు రోజులసంది వస్తలేదు.”

రామన్న కిరాయి మాట ఎత్తకుండా ఆటో స్టార్ట్ చేశాడు.