పదమూడు సెకన్ల సువార్తమ్మ

సూర్యాపేటలో ఎవరి నెత్తురు ఎంత తొందరగా గడ్డకడుతుందో తేల్చాలంటే, ముందు సువార్తమ్మ నెత్తురు గడ్డకట్టి చూపించాలి. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. 1988లో డాక్టర్ దశరథ నర్సింగ్‌హోమ్‌లో పద్ధతే అది. రోగి రక్తం పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఒకటి కావాలి. దాన్ని కంట్రోల్ అంటారు. నర్సింగ్‌హోమ్ ఆయా సూదిని చూడగానే మాయమయ్యేది. కాంపౌండరుకు పరీక్ష ఉన్న రోజునే ఎక్కడలేని నీరసం వచ్చేది. ఇక మిగిలింది ల్యాబ్ టెక్నీషియన్ సువార్తమ్మ. రబ్బరు గొట్టం ఒక కొస పళ్లతో పట్టుకుని ఎడమచేతికి బిగించి, కుడిచేత్తో తన రక్తం తానే తీసుకునేది.

ఆ రక్తంలోంచి తేటను గాజు గొట్టంలో పోసి, గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి, గడ్డకట్టించే మందు కలిపి స్టాప్‌వాచ్ నొక్కేది. గొట్టాన్ని మెల్లగా వంచుతూ దీపానికి ఎదురుగా కళ్లార్పకుండా చూసేది. సన్నని పోగు ఒకటి కనబడగానే మళ్లీ నొక్కేది. పదమూడు సెకన్లు. ఎండల్లో పదమూడే, ముసురులో పదమూడే. పేటలో గడియారాలైనా ముందువెనకలయ్యేవి గానీ సువార్తమ్మ నెత్తురు తప్పింది లేదు.

తల్లి సోమమ్మకు మాత్రం ఇది సుతరామూ నచ్చేది కాదు.

"ఉన్న నెత్తురంత సీసాల పోసుకుంటే నీకేం మిగులుతదే?"

"రెండు చుక్కలే అమ్మా. మనింట్ల దోమలు గంతకంటె ఎక్కువ తాగుతయ్."

సోమమ్మ కూలి చేసి కూతుర్ని పదో తరగతి దాకా, ఆ తర్వాత ల్యాబ్ కోర్సు దాకా చదివించింది. తను చిన్నప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లులో వడ్లు ఎండబోసింది. అక్కడ దాహమైతే పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు, చెంబు చేతికిచ్చేవాళ్లు కాదు. ఆ మిల్లు సేటే ఒకరోజు వాచిన కాలుతో నర్సింగ్‌హోమ్‌కు వచ్చాడు. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. అది పలచబడటానికి డాక్టరు మాత్రలిచ్చి, రక్తం చూపించుకుంటూ ఉండమన్నాడు. సేటు రిపోర్టు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"పేషెంటంటే నేను. గీ పైన కంట్రోల్ అని ఉన్నది, గదెవరు?"

"నేనే సేటూ."

"అంటే నా నెత్తురు సంగతి నీ నెత్తురును అడిగి రాస్తున్నరా?"

"అవ్ సేటూ. మాది మంచిగున్నది."

సేటు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే తల్లీకూతుళ్లిద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ గర్వం సువార్తమ్మకు ఉండేది. ఎందుకుండకూడదు?

ఆ గర్వానికి పరీక్ష జమున రూపంలో వచ్చింది. కోదాడ దగ్గరి తండా పిల్ల, ఇరవై ఏళ్లు. తొలికాన్పయి నెల తిరగకముందే ఎడమకాలు తొడదాకా వాచింది. హైదరాబాదు పెద్దాసుపత్రిలో పదిరోజులుంచి, మాత్రలు రాసి, వారానికోసారి సూర్యాపేటలో రక్తం చూపించుకోమని పంపారు. కాలిలోని గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు. మాత్ర పనిచేస్తే సెకన్ల అంకె ఇరవై ఆరు దాకా పెరగాలి. అత్త భూలి కోడల్ని బస్టాండు నుంచి రిక్షాలో తెచ్చేది, చంటిదాన్ని తను ఎత్తుకునేది.

మొదటివారం పదిహేను. రెండోవారం పద్నాలుగు. మూడోవారమూ పద్నాలుగే.

"సువార్తమ్మా, నీ పరీక్షలోనే ఏదో తేడా ఉంది. మళ్లీ చూడు," అన్నాడు డాక్టరు. ఆయనది కోదాడ అవతల, ఆంధ్రా వైపు ఊరు, కోపమొచ్చినా మాట మెత్తగానే ఉండేది.

సువార్తమ్మకు ఒళ్లు మండింది. "సార్, మీ చెయ్యి ఇయ్యుండ్రి," అంది.

డాక్టరు చేతినుంచి రక్తం తీసింది. ఆ రోజు సేటు కూడా వచ్చి ఉన్నాడు, ఆయనదీ తీసింది. నాలుగు గొట్టాలు వరసగా పెట్టి, డాక్టర్ని పక్కనే నిలబెట్టి చూపించింది. తనది పదమూడు, డాక్టరుది పదమూడు. మాత్ర వేసుకుంటున్న సేటుది ఇరవై ఏడు. జమునది పద్నాలుగు.

"అయితే ఈ పిల్ల మాత్ర వేసుకోవట్లేదు," అన్నాడు డాక్టరు.

భూలికి ఏడుపొచ్చింది. "మా సేవాలాల్ దేవుని మీద ఒట్టు సారూ, నా శేతులతోని ఏస్తున్న."

అట్లయితే మోతాదు చాలట్లేదని డాక్టరు సోమవారం నుంచి మాత్ర రెట్టింపు చేద్దామన్నాడు.

"నా అంకె తప్పు గాదు, ఆ అవ్వ మాట తప్పు గాదు. నడుమల ఇంకేదో ఉన్నది సార్. సోమారం దాకా ఆగుండ్రి, నేను పోయి సూసొస్త," అంది సువార్తమ్మ.

ఆదివారం ప్రార్థన కాగానే కోదాడ బస్సెక్కింది. రోడ్డు మీద దిగి తండాకు నడిచింది. భూలి ఎదురొచ్చి, మంచం వాల్చి, అన్నం పెట్టింది. మాత్రల పొట్లం చూపించింది, లెక్క సరిగ్గా ఉంది. పొయ్యి మీద ఒక కుండలో తోటకూర, ఇంకో కుండలో మునగాకు ఉడుకుతున్నాయి.

"గింత ఆకుకూర ఎవరికవ్వా?"

"ఎవరికేంది బిడ్డా, జమునకే. మూడు పూటలు గదే. బాలింతకు ఆకుకూర పెట్టొద్దని తండల ముసలోళ్లంత నా మీదికొచ్చిండ్రు. పేటల సువార్తమ్మ చెప్పిందని నేను ఎవ్వల మాట ఇనలే."

సువార్తమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. అవును, తనే చెప్పింది. మొదటిరోజు జమునకు హిమోగ్లోబిన్ ఏడే ఉంటే, "నెత్తురు తక్కువున్నది, ఆకుకూరలు మంచిగ తినిపియ్యి" అని తనే గట్టిగా చెప్పింది. తిరుగు బస్సులో కోర్సు నోట్సు కళ్లముందు కదిలింది. ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. డాక్టరు మాత్ర ఏ పనిని ఆపాలని చూస్తుందో, ఆకుకూర ఆ పనికే బలమిస్తుంది. పరీక్షకోసం రాసి మరిచిపోయిన ముక్క. మూడువారాలుగా జమున కాలిలో ఆ గడ్డ అట్లాగే కూర్చుని ఉంది, కూర్చోబెట్టింది తను. సువార్తమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సోమవారం డాక్టరు దగ్గర, వాళ్లు ఆకుకూర ఎక్కువ తింటున్నారని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎవరు తినమన్నారని ఆయన అడగడు కూడా. సువార్తమ్మ ఊరుకోలేదు.

"చెప్పింది నేనే సార్. నా అంకె కరెక్టే, నా మాటే తప్పు."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మాత్ర ఇచ్చినప్పుడు తిండి సంగతి చెప్పాల్సింది నేను. నేనూ చెప్పలేదు. ఇవాళ మాత్ర రెట్టింపు చేసి, రేపు ఏ కారణానో ఆ పిల్ల ఆకుకూర మానేసి ఉంటే రక్తం ఆగకుండా పోయేది. నీ అంకెను నువ్వు వదులుకోకపోవడమే మంచిదైంది."

మధ్యాహ్నం సువార్తమ్మ మళ్లీ తండాలో ఉంది. భూలి ఎదుట నిలబడి, దాచకుండా మొత్తం చెప్పింది. తిడుతుందనుకుంది. తిట్టినా పడాలనుకుంది.

భూలి ఆమె చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. "సూది పొడిసేటోళ్లను సూసిన, ఫీజు తీస్కునేటోళ్లను సూసిన. తప్పు నాదని బస్సెక్కి ఇంటికొచ్చి చెప్పినోళ్లను నేను ఇయ్యాలనే సూస్తున్న. ఇగ ఏం పెట్టాల్నో నువ్వే చెప్పు బిడ్డా."

సువార్తమ్మ డాక్టరు చెప్పినట్టే చెప్పింది. ఆకుకూర పూర్తిగా మానొద్దు, రోజుకు ఒక్కపూట, చిన్న గిన్నెడు, ప్రతిరోజూ ఒక్క తీరుగా. నెత్తురు పట్టడానికి ఐరన్ మాత్రలు వేరే.

తర్వాతి వారం పద్దెనిమిది. ఆపై వారం ఇరవై మూడు. ఆ తర్వాతి వారం సువార్తమ్మ గొట్టాలు కడుగుతూ కిటికీలోంచి చూసింది. బస్టాండు వైపునుంచి జమున వస్తోంది. రిక్షా లేదు. చంటిదాన్ని చంకనేసుకుని, కాస్త కుంటుతూ, భూలి కంటే నాలుగడుగులు ముందే నడుస్తోంది. ఇవాళ అంకె ఎంతొస్తుందోనని పొద్దున్నుంచీ కూడగట్టుకున్న బెంగంతా సువార్తమ్మకు అక్కడే దిగిపోయింది. తడిచేతులతోనే గుమ్మం దాటి ఎదురెళ్లింది.