మసక ఫొటో

ఈ సాయంత్రం కిటికీ తలుపు తీశానో లేదో మిరప ఘాటు గుప్పున లోపలికి కొట్టింది. ఏ లారీయో మిరప టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి పోతున్నట్టుంది. తుమ్ముకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే దాని గొడవ దానిది. ‘జాగా నిండిపోయింది, మసకగా ఉన్న ఫొటోలు తీసేయమంటారా’ అని అడుగుతోంది. ఆ వరసలో మొట్టమొదట ఉన్నది సుగుణ టీచర్ గారు. సగం మొహానికి చెయ్యి అడ్డం, మిగతా సగం కదిలిపోయింది. కింద రెండే మీటలు, తీసెయ్యి అని ఒకటి, ఉంచు అని ఒకటి. ఇక్కడ వేలు జారితే ఫోన్లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. ఆ సంగతి నాకు తెలిసినంత భయంకరంగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. మౌస్ వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

నల్లపాడులో మేం టీచర్ గారి మేడ మీద అద్దెకుండేవాళ్లం. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చెల్లెలు కరుణ నర్సు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు, కింది వాటాలో ఒకరికొకరుగా ఉండేవాళ్లు. నేనా, పుట్టు భయస్తురాలిని. ఆఫీసుకి బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునేదాన్ని. కొన్నాళ్లు చూసి చూసి ఒకరోజు ఆవిడ వరండాలోంచి కేకేశారు.

“ఏమ్మా లలితా, ఆ తాళం నీకేం అపకారం చేసిందని రోజూ దాన్ని పీకుతావు?”

“వేశానో లేదోనని అనుమానమండీ.”

“వేసినప్పుడు ‘వేశాను’ అని నోటితో పైకి అను. చెయ్యి మర్చిపోయినా చెవికి గుర్తుంటుంది.”

మొదట సిగ్గేసింది గానీ, అలా అనడం మొదలుపెట్టాక వీధి చివరి నుంచి వెనక్కి రావడం తగ్గింది.

ఆవిడ ఇంట్లో ఆదివారానికి గట్టి కట్టుబాటుండేది. శనివారం సాయంత్రం చర్చి గంట వినిపించగానే ఫోన్ స్విచాఫ్ చేసి బీరువాలో తెల్లచీరల కింద పెట్టేసేవారు. మళ్లీ సోమవారం పొద్దునే. ఆదివారం చీపురు పట్టరు కాబట్టి ఇంట్లో చెత్త కూడా శనివారమే ఖాళీ కావాలి. “మాకు ఏకాదశి ఉపవాసం, మీ ఫోన్‌కి ఆదివారమా టీచర్ గారూ?” అని వేళాకోళం చేస్తే, “ఆరు రోజులు వాగింది కదా, ఏడో రోజన్నా నోరు మూసుకోనీ” అనేవారు.

క్యాన్సర్‌తో కరుణ పోయింది. ఆ తర్వాత టీచర్ గారిని ఏడిపించింది ల్యాప్‌టాప్. దానికి నెట్ మా మేడ మీద వైఫై నుంచే. రోజూ తెరవగానే ‘ఈ రోజు జ్ఞాపకం’ అంటూ ఆస్పత్రి ఫొటోలు ముందుకు తోసేది. జుట్టు రాలిపోయిన తల, చేతికి సూది. “పొద్దున్నే కాఫీ కూడా దిగనివ్వదు లలితా ఇది” అని కళ్లొత్తుకునేవారు. సమాధుల పండుగ దగ్గరకొస్తోంది. ఆ రోజు పూలు, కొవ్వొత్తులతో పాటు సమాధి మీద చెల్లెలి మంచి ఫొటో పెట్టాలని ఆవిడ ఆశ. ఆస్పత్రివి తీసేస్తే మంచివి దొరుకుతాయనుకున్నారు.

ఆ శనివారం నేను బియ్యం కడుగుతుంటే కింది నుంచి “లలితా!” అని కేక. ఆ గొంతు అలా వణకడం ఎప్పుడూ వినలేదు. పరుగున దిగాను.

“ఆస్పత్రివి తీసేద్దామని పట్టాను. ఏం నొక్కానో, కరుణ ఫొటోలన్నీ పోయాయే.”

“చెత్తబుట్టలో ఉంటాయండీ, కంగారుపడకండి.”

“అది కూడా ఖాళీ చేశాను. రేపు ఆదివారం కదా.”

ఇంట్లో చెత్త పారేసినట్టే అందులోదీ పారేశారు మహాతల్లి! క్లౌడ్‌లో చూస్తే అక్కడా శూన్యం.

“మీ ఫోన్ ఏదండీ?”

“గంట కొట్టగానే ఆపేసి బీరువాలో పెట్టాను. ఆ తర్వాతే ఇది పట్టాను.”

అంటే తీసెయ్యమన్న కబురు ఫోన్‌కి ఇంకా చేరలేదు! కరుణ ఆ తెల్లచీరల కింద భద్రంగా ఉంది. కానీ ఎవరైనా ఫోన్ ఆన్ చేశారంటే, అది మా వైఫైని ఇట్టే పట్టేస్తుంది, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పైకి పరుగెత్తి వైఫై పెట్టె వైరు పీకేశాను. వచ్చి, “ఇప్పుడే కాపీ చేసేద్దామండీ, అరగంట పని” అని బతిమాలాను.

ఆవిడ బీరువాకి అడ్డంగా నిలబడ్డారు. “వద్దు. ఈ కట్టుబాటు వల్లే అది బతికింది. సోమవారం దాకా ఆగుదాం.”

ఆ ఆదివారం నాకు నరకం. ఆవిడ చర్చికి వెళ్లొచ్చేదాకా బీరువా ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చీరాల నుంచి ఆవిడ తమ్ముడు భోజనానికొచ్చాడు. చెయ్యి కడుక్కుని, “అక్కా, నా ఫోన్లో చార్జింగ్ లేదు, నీదేదీ? బీరువాలోనేగా?” అంటూ తలుపు మీద చెయ్యి వేశాడు. వైఫై లేకపోయినా సిమ్‌లోని నెట్ చాలు, అన్నీ పోవడానికి.

“ఒరేయ్! ఆ బీరువా జోలికెళ్లావంటే చెయ్యి విరగ్గొడతా!” అని టీచర్ గారు అరిచిన అరుపుకి అతను గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. తర్వాత వంటింట్లో నా చెయ్యి పట్టుకుని అన్నారు, “నాకు భయం లేదనుకుంటున్నావా? పొద్దున చర్చిలో ఒక్క పాట నోటికి రాలేదే.” భయంలేని మనిషనుకుని ఇన్నాళ్లూ ఆవిడను చూసి ధైర్యం తెచ్చుకున్నాను. భయపడుతూనే మాట మీద నిలబడొచ్చని ఆ రోజు చూశాను.

సోమవారం వైఫై వైరు మళ్లీ మళ్లీ చూసుకుని, సిమ్ తీసేసి, ఫోన్ ఆన్ చేశాం. కేబుల్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే ఒక్కో ఫొటోకీ నా ప్రాణం కుదుటపడుతోంది. మధ్యలో ఆస్పత్రి మంచం మీద కరుణ వచ్చింది. గుండు, ముక్కు ఎర్రగా, కళ్లనిండా నీళ్లు, చేతిలో సగం కొరికిన మిరపకాయ బజ్జీ.

“డాక్టరు వద్దన్నాడు, ఇది వింటేనా!” టీచర్ గారు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

“ఆస్పత్రివి తీసెయ్యనా అండీ?”

“వద్దమ్మా. ఆ మంటకి కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ జబ్బుకి పెట్టుకోలేదు నా చెల్లెలు. ఉంచు.”

ఆ ఏడు సమాధి మీద బంతిపూల మధ్య పెట్టింది ఆ బజ్జీ ఫొటోనే. ఆ సోమవారమే, కాపీ అవుతుండగా నవ్వుతున్న టీచర్ గారిని చూసి నా ఫోన్ ఎత్తాను. “నా ఫొటో ఎందుకే, ముందు కాపీ అయిందో లేదో చూడు!” అని చెయ్యి అడ్డం పెట్టారు. అదీ ఈ మసక ఫొటో.

ఇప్పుడు టీచర్ గారు కూడా చెల్లెలి సమాధి పక్కనే పడుకున్నారు. నా భయాలు ఎక్కడికీ పోలేదు, ఉన్నాయి. చర్చి గంట వినిపించింది. ఫోన్ ఆపి బీరువాలో పెట్టి, వైఫై వైరు పీకాను.

“అమ్మా, నెట్ పోయింది!” అని పక్కగదిలోంచి మా అమ్మాయి అరిచింది.

“పోలేదే, నేనే ఆపాను. రేపు ఆదివారం.”

“మనకెందుకే ఆదివారం?” అని అది గొణుక్కుంటూనే ఉంది. నేను ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి, రెండు మీటలూ మళ్లీ చదువుకుని, ఒకటి నొక్కాను. నొక్కి, చెవికి వినపడేలా పైకే అన్నాను.

“ఉంచాను.”