లారీ అన్న మాట

బెంగళూరులో ఆటో ఎక్కితే డ్రైవరు రేడియో మీట తిప్పుతూ ఉంటాడు. రెండు స్టేషన్ల మధ్య వచ్చే ఆ గరగర నాకు చిరాకు కలిగించదు. దాని వెంట వేడెక్కిన యంత్రం వాసన, శబ్దం లోపలికి రాకుండా గోడలకు వేలాడదీసిన పాత బొంతల వాసన వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ గది విమలక్కది.

విమలక్క బళ్ళారి దగ్గరి మా ఊరు కప్పగల్లులో సముదాయ రేడియో, అంటే ఊరివాళ్ళ కోసం నడిచే కమ్యూనిటీ రేడియో, నడిపింది. ఇనుప ఖనిజం గనుల మీద డబ్బు కురుస్తున్న రోజులవి. భూములున్న తెలుగు కుటుంబాలు చాలావరకు లారీలు కొన్నాయి. ఆమె తమ్ముడు సోమశేఖరప్ప కూడా కొన్నాడు. బళ్ళారిలో లెక్చరరు ఉద్యోగం మానేసి వచ్చిన అక్కకు తన గోడౌను మీది గది రేడియో కోసం ఇచ్చిందీ అతనే. డిగ్రీ అయ్యాక పుస్తకాలు చదువుకుంటూ, డైరీ రాసుకుంటూ ఇంట్లో కూర్చున్న నన్ను అమ్మ ఒకరోజు అక్కడికి తీసుకుపోయింది. "ఇది నోరు తెరవదు విమలమ్మా, రేడియోలో ఏం చేస్తాదో ఏమో" అంది, నా ఎదుటే. "మాట్లాడేటోళ్ళు ఊర్లో శానామంది ఉండారులే. రాసేటోళ్ళే లేరు" అంది విమలక్క. అట్లా మైకు ముందు ఇంకొకరు చదివే మాటలు రాయడం నా పని అయింది.

ఏం రాయకూడదో మొదటిరోజే చెప్పింది. మాలాంటి స్టేషన్లు వార్తలు చెప్పకూడదు. ఆ హక్కు ప్రభుత్వ రేడియోకే ఉంది. పెళ్ళి పాటలు, పంటల సంగతులు, కరెంటు కోత, వాన సూచన చెప్పవచ్చు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని పెద్ద కోర్టు చెప్పిన మాట ఆమె తరచూ గుర్తుచేసేది. "ఆస్తి మనదేనంట. కానీ ఏ చెట్టు పెట్టాలనేది మాత్రం వాళ్ళే చెప్తారంట" అని నవ్వేది.

మిరప కోతలు మొదలయ్యాక ఆ నవ్వు తగ్గింది. ఖనిజం మీద టార్పాలిన్ పట్టలు కట్టని లారీలు గనులున్న సండూరు నుంచి వరసగా వచ్చి మా ఊరి మీదుగా పోయేవి. కళ్ళాల్లో ఆరబోసిన కాయల మీద ఎర్రటి దుమ్ము పరుచుకునేది. దుమ్ము పట్టిన సరుకును మార్కెట్టులో పక్కకు నెట్టేసేవాళ్ళు. లారీలు వచ్చే ముందు ఎవరైనా చెబితే కాయలు కప్పుకుంటామని ఆడవాళ్ళు వచ్చి అడిగారు. మలుపు దగ్గర టీకొట్టు నడిపే ఆమె ఫోను చేసేది, నేను రాసేదాన్ని, కూలి పనులు మానుకుని మా దగ్గర చేరిన గౌరమ్మ వాన సూచన అయ్యాక చదివేది: "సండూరు పక్కనుంచి మైన్స్ లారీలు వస్తాండాయి. కళ్ళాలు కప్పుకోండమ్మా."

లారీల యజమానులు ఫిర్యాదు చేశారు. ఒక అధికారి వచ్చి, రికార్డింగు విని, మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, దుమ్ము వస్తుంది అంటే వాతావరణం. లారీల వల్ల వస్తుంది అంటే వార్త. ఆ ఒక్క మాట తీసేయండి. మళ్ళీ ఫిర్యాదు వస్తే అనుమతి ఆగిపోతుంది."

ఆ మాట తీసేయడానికి నాకు మనసొప్పలేదు. దాని బదులు చుక్కలు పెట్టి, అక్కడ ఆగమని గౌరమ్మకు చెప్పాను. "సండూరు పక్కనుంచి..." అని ఆమె ఊపిరి పీల్చుకుని, "వస్తాండాయి" అంది. మా వైపు కథ చెబుతుంటే ఊ కొట్టకుండా వినడం ఎవరికీ చేతకాదు. ఆ ఖాళీలో కళ్ళాల్లోని వాళ్ళంతా ఒక్కసారిగా "లారీలు!" అని అరిచారట. విమలక్క నన్ను మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు. "చూద్దాం" అంది.

ఆ మధ్యలోనే బెంగళూరులో రేడియో విధానాల మీద ఒక సమావేశం జరిగితే నన్నూ వెంట తీసుకుపోయింది. మా ఖాళీ గురించి ఆమె చెప్పగానే హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఒక యువకుడు లేచి, రేడియో ఎందుకు, అంతా ఇంటర్నెట్లో పెట్టేయండి, అక్కడ ఎవరూ ఆపలేరు అన్నాడు. "మిరక్కాయలు ఏరే ఆమెకు కళ్ళంలో ఇంటర్నెట్టు యాడుందప్పా? ఆడికీ ఈ ఆపేటోళ్ళు వస్తారులే, కొంచెం ఆలస్యంగా" అంది విమలక్క. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "అందరూ నవ్వినారు కదా" అని మాత్రం అంది.

వారం తిరగకముందే సోమశేఖరప్ప మైసూరుపాకు పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు.

"మీ ఆట శానా బాగుండాదక్కా! మా డ్రైవర్లు గూడా ఆ టైముకు హారన్ కొడతాండారు. ఇంట్లో అందరం పడిపడి నవ్వుతాండాము. ఎవురిదే ఈ తెలివి, నీదా పాపా?"

నేను తల వంచుకున్నాను.

"పట్టలు కడతాండారా సోమూ?" అని అడిగింది విమలక్క.

"యాడక్కా! పట్ట కట్టే టైములో ఇంకో ట్రిప్పు ఏసుకోవచ్చు."

ఆమె మైసూరుపాకు తీసుకుని తింది. మధ్యాహ్నం గౌరమ్మను పక్కకు జరగమని తానే మైకు ముందు కూర్చుంది. "నేను విమల. సండూరు పక్కనుంచి మైన్స్ లారీలు వస్తాండాయి. పట్టలు కట్టలేదు. దాంట్లో మా తమ్ముని లారీలు గూడా ఉండాయి. కళ్ళాలు కప్పుకోండి." ఆ రోజు కళ్ళాల్లో ఎవరూ అరవలేదని టీకొట్టు ఆమె ఫోను చేసి చెప్పింది. పరుగెత్తి కాయలు కప్పుకున్నారట.

ప్రసారం ఆపమని ఉత్తర్వు వచ్చింది. సోమశేఖరప్ప అక్కతో మాట్లాడటం మానేశాడు, కానీ గది ఖాళీ చేయమని అనలేదు. ఆమే చేసింది. బొంతలు దించి మడతపెడుతున్నప్పుడు అడగలేక అడగలేక అడిగాను.

"ఖాళీ అట్లే పెట్టుకోని ఉంటే స్టేషను ఉండేది కదక్కా?"

"ఉండేది. లారీలోళ్ళు మిఠాయి తెచ్చిచ్చే స్టేషను" అంది. కోపంగా కాదు. చేతిలోని బొంత పక్కన పెట్టి, "నువ్వు రాసింది తెలివైన పనే పద్మా. కానీ దానికి భయపడాల్సినోళ్ళు నవ్వుతాంటే, మనం ఇంకో రకంగా చెప్పాల" అంది.

తర్వాత ఆమె ధార్వాడలో పాఠాలు చెప్పింది. వార్తలు చెప్పే హక్కు కోసం పోయిన ప్రతి సమావేశంలోనూ అడిగిందట. ఆ హక్కు రాకముందే ఆమె కన్నుమూసింది.

నేనిప్పుడు ఇంటర్నెట్ మీద ఆంక్షల గురించి నివేదికలు రాసే చోట పనిచేస్తున్నాను. ఏ ఊళ్ళో నెట్ ఆగిపోయిందో, ఎవరి పేజీ కనబడకుండా పోయిందో రాస్తాను. ఎవరు ఆపించారో రాయాల్సిన చోటికి వచ్చేసరికి నా చేయి నెమ్మదిస్తుంది. ఎవరినీ నొప్పించకుండా దాటిపోయే వాక్యాలు నాకు సులభంగా వస్తాయి, అవి బాగుంటాయి కూడా. వాటిని కొట్టేసి ఆ పేరు రాస్తాను, కింద నా పేరు రాస్తాను. భయం మాత్రం పోదు. అది పోవాలని ఇప్పుడు ఎదురుచూడటం లేదు. ఆ మధ్యాహ్నం విమలక్క గొంతు వణకలేదని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. పక్కన నిలబడి చూసినదాన్ని నేను. వణుకుతున్న చేతులు రెంటినీ ఆమె బల్లకేసి గట్టిగా అదిమి పట్టుకుంది.