తిరుపతిరావుగారి అయస్కాంతం

మా ఇంటి ఓనరు తిరుపతిరావు బాబాయిగారు ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించరు, గిన్నెల్ని పలకరిస్తారు. చొక్కా జేబులోంచి నల్లటి గుండ్రటి అయస్కాంతం తీసి, కనిపించిన గిన్నెను బోర్లించి, దాని అడుగుకు ఆనిస్తారు. అంటుకుంటే ఆయన మొహం వెలిగిపోతుంది. "పనికొస్తుంది" అంటారు. జారి పడిందా, ఆ గిన్నె వంకా, ఆ ఇల్లాలి వంకా జాలిగా చూసి, "ఇది ఇండక్షన్ మీద పనికిరాదమ్మా" అంటారు. ఆ ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉందో లేదో ఆయనకు అనవసరం.

ఆ అయస్కాంతం పాత స్పీకరులోంచి ఊడదీసింది. మంచి బరువు. అందుకే ఆయన చొక్కా ఎప్పుడూ ఎడమవైపుకు వేలాడుతూ ఉంటుంది. జేబులో చెయ్యి పెడితే దానితోపాటు గుండుసూదులు, పిన్నీసులు, నా జడపిన్నులు బయటికొస్తాయి. ఒకసారి మా ఆయన శాంతికుమార్ బండి తాళాల రింగు కూడా వచ్చింది. ఆ పొద్దున మేము దానికోసం ఇల్లంతా తిరగేశాం, చివరికి మా ఆయన ఆఫీసుకు బస్సులో వెళ్ళారు.

నేను నందిగామలో టీచర్ని. బస్టాండు వెనక వీధిలో వాళ్ళింటి మేడమీది వాటాలో అద్దెకుంటాం. బాబాయిగారు చాలాకాలం ఎరువుల కొట్టు నడిపి, దాన్ని అన్నగారి కొడుక్కి అప్పగించి ఖాళీగా కూర్చున్న మనిషి. భార్య దుర్గాంబ పిన్నిగారు. ఇద్దరూ నన్ను సొంత పిల్లలాగే చూస్తారు. కాబట్టే ఆయన వెంట వెళ్ళినచోటల్లా ఆయన తరఫున సిగ్గుపడే పని కూడా నాదే అయింది.

వీరులపాడులో వాళ్ళ బంధువుల పెళ్ళికి మేమూ వెళ్ళాం. తలంబ్రాల వేళకు బాబాయిగారు కనబడలేదు. వెతికితే పందిరి వెనక వంటల దగ్గర ఉన్నారు. ఆశీర్వాదం అనే వంటమేస్త్రి సాంబారు గుండిగను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"అయ్యా, వదలండి. నిండుగా ఉంది."

"కొంచెం వంచవయ్యా. అడుగు ఒక్కసారి చూసి వదిలేస్తా."

"అడుగు మీరు చూస్తే సాంబారు పెళ్ళివాళ్ళు చూడరండి."

"అల్యూమినియమా?"

"అల్యూమినియమే. మా నాన్ననాటిది."

"పనికిరాదు" అని బాబాయిగారు నిట్టూర్చారు. కట్టెల పొయ్యి మీద వందలమందికి వండుకుంటున్న ఆశీర్వాదం ఆయన్ని పైనుంచి కిందికి చూసి గరిటె అందుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన అక్షింతలు వెయ్యడానికి వేదిక ఎక్కి, అక్కడ చదివింపులుగా వచ్చిన స్టీలు సామాను చూశారు. ఆ పెళ్ళి ఆల్బంలో ఒక ఫొటో ఉంది. అందులో వధూవరులు నవ్వుతూ కెమెరా వైపు చూస్తుంటారు. పక్కన బాబాయిగారు బిందె అడుగు చూస్తుంటారు.

జగ్గయ్యపేటలో పాత్రల కొట్టు నవీన్‌బాబుది ఇంకో బాధ. నేను కుక్కరు కొనాలంటే, "పేటలో అయితే రకాలుంటాయి, నేనొస్తా" అని బాబాయిగారు బస్సెక్కారు. కొట్లోకి వెళ్ళగానే గోడవారన ఉన్న గిన్నెలన్నిటికీ వరసగా అయస్కాంతం ఆనిస్తూ వెళ్ళారు, డాక్టరు వార్డులో తిరిగినట్టు.

"అన్నీ స్టీలేనండి బాబాయ్" అన్నాడు నవీన్‌బాబు.

"స్టీలంతా ఒకటి కాదు నాయనా. ఇదిగో, ఇది అంటుకుంది. దీని తోడబుట్టింది చూడు, జారిపోయింది."

అంటుకున్నవాటిని మళ్ళీ గాజుబల్ల మీద పెట్టి బొంగరంలా తిప్పారు. గిర్రున తిరిగితే అడుగు ఉబ్బినట్టు, తిరగకుండా మొరాయిస్తే చదునుగా ఉన్నట్టు. మరీ చిన్న గిన్నెల్ని స్టవ్ గుర్తే పట్టదనీ, పల్చటి అడుగైతే నడిమధ్యన మాత్రమే మాడుతుందనీ, కొట్లో ఉన్న బేరగాళ్ళందరికీ చెప్పారు. వాళ్ళు గిన్నెలు కిందపెట్టి ఆయన చుట్టూ మూగారు. కాసేపటికి నవీన్‌బాబు నా దగ్గరికొచ్చి మెల్లిగా, "ఆ అయస్కాంతం ఎక్కడ దొరుకుద్దండీ, మాక్కూడా ఒకటి ఉంటే మంచిదేమో" అన్నాడు.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. కిందటి ఎండాకాలం ఒకరోజు ఉన్నట్టుండి ఇండక్షన్ స్టవ్ కొనుక్కొచ్చారు. వెంటనే గ్యాసు పొయ్యీ, సిలిండరూ తీసేసి, పొయ్యిని రెడ్డిగూడెంలో ఉండే మేనకోడలు రోజారమణికి పంపేశారు. పిన్నిగారు గుమ్మంలో నిలబడి దాన్ని ఆడపిల్లను సాగనంపినట్టు సాగనంపారు.

ఆమె సామానులో ఒక్కటీ కొత్త స్టవ్‌కు నచ్చలేదు. కంచు గిన్నె పెడితే కీచుమంది. ఇత్తడి గిన్నె పెడితే కీచుమంది. సత్తు దబర, అన్నం వండే అల్యూమినియం గిన్నె, పులుసు కాచే రాచిప్ప, దేన్ని పెట్టినా అదే అరుపు. చివరికి ఇనప పెనం పెడితే నోరు మూసుకుంది. పేట నుంచి కొత్త గిన్నెలు వచ్చేదాకా ఆ ఇంట్లో పెనం మీద అయ్యేవే వండుకున్నారు. పొద్దున అట్లు, మధ్యాహ్నం రొట్టెలు, రాత్రికి మళ్ళీ అట్లు.

గిన్నెలు వచ్చాక పోపుతో గొడవ మొదలైంది. ఆవాలు ఇంకా ఆమె గుప్పిట్లో ఉండగానే నూనె పొగలు కక్కింది.

"మంట కనబడకపోతే ఎంత వేడెక్కిందో ఎట్లా తెలుస్తుందండీ?"

"అంకె చూడు దుర్గా. అంకె తగ్గించి పోపెయ్యి."

"అంకె చూసి పోపు పెట్టడం మా అమ్మ నేర్పలేదు."

"నేను నేర్పుతా."

"మీరు ఇన్నేళ్ళలో కాఫీ కలపడం నేర్చుకోలేదు."

అయినా ఆయన పక్కనే నిలబడి, రైల్వే గార్డులాగా, "తగ్గించు, ఇప్పుడు పెంచు, గిన్నె ఎత్తకు, ఎత్తితే ఆగిపోద్ది" అంటూ ఉండేవారు. గిన్నె ఎత్తి కుదపడం అలవాటైన పిన్నిగారు, "దీనికి ముట్టుకుంటే అలక" అని నాతో అనేవారు. వానలు పడేనాటికి దానికీ ఆమెకీ రాజీ కుదిరింది. బాబాయిగారి పిచ్చి మాత్రం ఇల్లు దాటి ఊరిమీద పడింది.

ఇక్కడ పిన్నిగారి ముక్కు గురించి చెప్పాలి. మా వీధిలో ఆవిడ ముక్కంటే కోర్టు తీర్పే. ఆవకాయలో ఉప్పు తగ్గినా, నెయ్యి పాతబడినా, రుచి చూడకుండా వాసనతోనే చెప్పేవారు. ఊరగాయలు పెట్టే రోజుల్లో ఆడవాళ్ళు జాడీలు పట్టుకొచ్చి, మూత తీసి, ఆవిడ ముక్కు కింద పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆవిడ తల ఊపితే పండగ.

వానాకాలంలో ఒకరోజు గాలివాన పట్టుకుని పొద్దున్నుంచీ కరెంటు లేదు. కింద వాళ్ళు అటుకులు నానబెట్టుకుంటున్నారని తెలిసి దిగి వెళ్ళాను.

"పిన్నిగారూ, మా చిన్న గ్యాసు స్టవ్ తెచ్చి ఇక్కడ పెడతానండి. వేడిగా అన్నం వండుకోండి."

"వద్దు" అన్నారు బాబాయిగారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఈ ఇంట్లోకి గ్యాసు రావడానికి వీల్లేదు."

నాకు మనసు చివుక్కుమంది. మేడమెట్లు ఎక్కుతుంటే ఆయన వెనకాలే వచ్చి, మెట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు.

"కోపం తెచ్చుకోకమ్మా గ్రేసీ. మీ పిన్నికి వాసన తెలీదు."

నాకు అర్థం కాలేదు.

"ఎండాకాలం ముందు జ్వరమొచ్చింది చూడు, దాంతో పోయింది. ఆమె చెప్పలేదు. పాలు విరిగాయేమో చూడండీ అని నన్ను అడుగుతుంటే అనుమానమొచ్చింది. ఒకరోజు బయటినుంచి వచ్చా. వీధి తలుపు తీస్తే ఇల్లంతా గ్యాసు. పొయ్యి నాబు సగం తిరిగి ఉంది. ఆమె దాని పక్కనే పీట వేసుకుని, ఏదో కూనిరాగం తీసుకుంటూ బెండకాయలు తరుగుతోంది."

ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి చేతిలో తిప్పారు.

"సిలిండరు కట్టేసి కిటికీలన్నీ తీసా. ఎందుకండీ, జల్లు కొడుతుందేమో అంది. ఎండాకాలంలో జల్లేమిటే, ఉక్కగా ఉంది అన్నా."

"ఆ సంగతి ఆవిడతోనే చెప్పి ఉండాల్సిందండీ."

"చెబితే ఇంక వంటింట్లో అడుగు పెట్టదమ్మా. భయపడిపోద్ది. జాడీలు రావడం మానేస్తాయి. వీధిలో ఆమెకున్న గౌరవమంతా ఆ ముక్కులోనే ఉంది. డాక్టరు గారిని అడిగా. మెల్లిగా రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు. వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యాలి గదా. గ్యాసు తీసేస్తే ఎందుకని అడుగుద్ది. అదే పిచ్చోడు తీసేశాడనుకో, ఎవరూ కారణం అడగరు."

"మరి ఊళ్ళో వాళ్ళ గిన్నెలన్నీ ఎందుకండీ బోర్లించడం?"

"మా ఇంట్లోనే చేస్తే అనుమానం రాదా?" అని, ఆయన కొంచెం సిగ్గుపడి, "అయినా నిజం చెప్పొద్దూ, ఇప్పుడు అలవాటైపోయింది" అన్నారు.

ఆమెకు తెలియనివ్వనని మాటిచ్చాను.

కొద్దిరోజులకు ఎదురింటి ప్రేమకుమారి ఉసిరికాయ పచ్చడి జాడీ తెచ్చింది. పిన్నిగారు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "కాస్త ఊరనివ్వాలి. ఇక్కడుంచి వెళ్ళు, సాయంత్రం చెబుతా" అన్నారు. ఆమె వెళ్ళగానే నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"గ్రేసీ, నువ్వు కాస్త రుచి చూసి చెప్పమ్మా. నాకు జ్వరమొచ్చి పోయినకాడినుంచీ వాసన తెలీటం లేదు."

జాడీ అందుకుని చెంచా కోసం చూశాను.

"మీ బాబాయిగారికి తెలియనివ్వకు. అసలే బెంగ మనిషి, తెలిస్తే అన్నం మానేస్తారు. ఆ అయస్కాంతం గోలలో పడి ఆయన ఏదీ గమనించలేదు, అదే నయం. అందుకే ఆ స్టవ్‌ని కూడా భరిస్తున్నా. ఆయన ధ్యాస దాని మీద ఉంటే నా మీదికి రాదు."

నవ్వు ఆపుకోవడానికి పచ్చడి ముక్క నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిపోయింది. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్యా ఒకే రహస్యాన్ని రెండువైపులా మోస్తూ తిరిగాను. పచ్చళ్ళు ఆమె తరఫున నేను రుచి చూసేదాన్ని. తీర్పు ఆవిడ చెప్పేవారు. బాబాయిగారు గుమ్మంలో నిలబడి, "మీ పిన్ని ముక్కంటే ముక్కే" అని అందరికీ వినబడేట్టు అనేవారు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం, చర్చికి బయల్దేరుతూ అద్దె ఇవ్వడానికి కిందికి దిగాను. పిన్నిగారు పెరట్లో చిక్కుడుకాయలు కోస్తున్నారు. బాబాయిగారు వంటింట్లో కాఫీకి పాలు పెట్టి, కొత్తగా తెచ్చిన గిన్నె అడుగులో పొరలెన్ని ఉన్నాయో నాకు వివరించడం మొదలుపెట్టారు. వివరణ బాగా సాగింది. వెనకాల పాలు పొంగి, ఇగిరి, అడుగంటాయి.

అప్పుడు పెరట్లోంచి వినిపించింది.

"ఏవండీ, పాలు మాడుతున్నాయి."

బాబాయిగారు పొరల లెక్క అక్కడే వదిలేశారు. నేను స్టవ్ ఆపబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "ఇంకోసారి అననీ."

పొగ మొదలైంది. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం.

"వినబడటం లేదా ఏవండీ? మాడు కంపు ఇక్కడిదాకా..."

మాట సగంలో తెగింది. తర్వాత పిన్నిగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒడిలోని చిక్కుడుకాయలు కింద రాలుతున్నా చూసుకోలేదు. ఊపిరి ఒకసారి మెల్లిగా లోపలికి పీల్చారు. మళ్ళీ పీల్చారు. అంత మాడు కంపును అంత ఇష్టంగా పీల్చిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

"వాసన తెలుస్తోందండీ" అన్నారు.

"తెలుస్తోంది గదా" అన్నారు ఆయన. ఆ గొంతు విని ఆవిడ ఆయన మొహంలోకి చూశారు.

"మీకు ముందే తెలుసా?"

ఆయన జవాబు కోసం నా వైపు తిరిగారు. ఆవిడా నా వైపు తిరిగారు. నేను స్టవ్ ఆపేసే పని పెట్టుకున్నాను.

"ఇంకాస్సేపు మాడనిద్దామా దుర్గా?" అన్నారు బాబాయిగారు చివరికి.

"చాల్లెండి" అంటూ పిన్నిగారు పమిటకొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ కొంగుతోనే గిన్నె దించి ఆయన చేతిలో పెట్టారు. "ఇది తోమేది మాత్రం మీరే."

నేను చర్చి నుంచి తిరిగొచ్చేసరికి ఆయన పెరట్లో పంపు దగ్గర గొంతుక్కూర్చుని, చేతినిండా బూడిదతో ఇంకా తోముతున్నారు. పక్కన పీట వేసుకుని పిన్నిగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో వంగి గిన్నె వాసన చూసి, "ఇంకా పోలేదు, తోమండి" అంటున్నారు. ఆయన సంతోషంగా తోముతున్నారు.