పద్మలత రాసిన గోడ

ఆసిఫాబాద్ దగ్గర మా దవాఖాన గోడ మీద 'సికిల్ సెల్: గోండుల జబ్బు' అని ఎర్ర రంగుతో రాసింది మా పద్మలతే. రక్తపరీక్షలు చేసే మనిషి. తొమ్మిదేళ్లు ఊరూరా తిరిగి అదే మాట చెప్పింది. పక్కనే నర్సునై ఉండి నేను ఒక్కసారైనా "అట్ల అనకే" అన్నానా? నా నోరు పడిపోను.

పరిశోధన ఫారాలు నింపేటప్పుడూ అంతే. గోండులనీ కోలాములనీ పిలిచి రక్తం తీసేది, మిగతావాళ్లను పంపేసేది. తను పద్మశాలీల కోడలు. అందుకే కూతురు రమ రెండేళ్లు కీళ్ల నొప్పులతో ఏడ్చినా, ఎదిగే పిల్లకు మామూలేననుకుంది. చివరికి అనుమానమొచ్చి పరీక్ష చేస్తే అదే జబ్బు.

భర్త ఓంప్రకాశ్ మరమగ్గం ఆపి వచ్చాడు. గోడ చదివాడు.

"గోండోళ్ల జబ్బని నువ్వే రాసినవ్ గద? మరి నా బిడ్డకెట్లొచ్చింది?"

"నేను రాసింది తప్పు. కులం జూసి రాదది. అవ్వ బాపు ఇద్దరి రక్తంల ఉంటెనే గీ జబ్బు వస్తది. నీది గూడ చూద్దాం, ఒక్క సుక్క."

"నేనేమన్న గోండోన్నా? పిల్ల ఎవనికి పుట్టిందో నిజం జెప్పెదాక ఇంటికి రాకు!"

ఎంత మండిందో నాకు! అంత పెద్ద మొగోడు, సూదికి భయపడి పారిపోయాడు.

మర్నాడు అత్త శంకరవ్వ వచ్చి వేలు చాపింది. "నాది తియ్యి బిడ్డా. వాని నోరు మూయిస్త."

ఆమె రక్తంలోనూ ఉంది. కొడుక్కి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలిపోయింది. "నీ మీది నింద పోయిందే!" అని పద్మలతను కావలించుకున్నాను. శంకరవ్వ మాత్రం గోడకేసి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు బిడ్డా, ఎవ్వలకు జెప్పకు. మా అవ్వ నన్నెవనికి కన్నదని అడుగుతరు. సచ్చిన మనిషిని గూడ ఇడువరు."

పద్మలత చేతిలో అత్త పరీక్ష ఫలితం ఉంది. తనను ఇంటికి చేర్చే కాగితం అదొక్కటే. దాన్ని మడిచి అత్త చేతిలోనే పెట్టింది. "నీది అత్తా. నువ్వు జెప్తేనే."

శంకరవ్వ చెప్పలేదు. రమా, తల్లీ వారం నుంచి మా ఇంట్లోనే ఉన్నారు.

"కనీసం గా గోడనన్న గీకెయ్యవే" అన్నాను, ఉండబట్టలేక.

"గోడ గీకుతనక్కా" అంది. "జనం నోట్లెకెళ్లి ఎట్ల గీకాలె?"