మంచం మీది నుంచి నడిచిన కంప్యూటర్

చిక్కడపల్లిలో నాది చిన్న డీటీపీ సెంటరు, రెండో అంతస్తులో. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు తెలుగు మీడియం పుస్తకాలు టైపు చేసి, పేజీలు కట్టి ఇవ్వడం మా పని. మేమంటే ఇద్దరమే: నేనూ, నాకంటే నాలుగేళ్లు చిన్నదైన మా టైపిస్టూ. ఆమెది నల్గొండ దగ్గర పల్లెటూరు. గ్రూప్స్ పరీక్షలు రాయడానికి అశోక్ నగర్ హాస్టలుకు వచ్చింది. ఉద్యోగం రాలేదు. తీరిక వేళల్లో టైపు చేస్తానని నా దగ్గరికి వచ్చి పన్నెండేళ్లు ఉండిపోయింది. రోజూ పొద్దున షట్టరు తెరిచేది ఆమే.

నిరుడు వానల్లో తన గది మెట్ల మీద జారిపడింది. వెన్నుపూస చిట్లింది. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. ఒక చరిత్ర పుస్తకం అప్పటికి సగంలో ఉంది. పరీక్ష దగ్గర పడుతోంది. మొదటి వారమంతా ఆసుపత్రికీ సెంటరుకీ మధ్య తిరిగాను.

మూడో వారంలో, ఆసుపత్రి నుంచి అశోక్ నగర్‌లోని తన గదికి చేరాక, ఆమే ఫోన్ చేసింది.

“అక్కా, పని ఇయ్యి. సీలింగు చూస్కుంట పండుకుంటే పిచ్చి లేస్తున్నది. చేతులు మంచిగనే ఉన్నయి గద.”

“ఎలా ఇవ్వనమ్మా? ఆ పాత ఫాంట్లన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. నీ లాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరాలు గజిబిజిగా వస్తాయి.”

“అయితే ఆ కంప్యూటర్‌నే ఈడికెల్లి నడుపుత. గసొంటి సాఫ్ట్‌వేర్లు ఫ్రీగ దొరుకుతయట.”

దొరుకుతాయి, నిజమే. అందరూ చెప్పే ఒకటి ముందు పెట్టుకున్నాం. నాలుగు రోజులు చక్కగా నడిచింది. ఐదో రోజు, మీరు దీన్ని వ్యాపారానికి వాడుతున్నట్టుంది అని తెర మీద రాసి, ఐదు నిమిషాలకోసారి తెగిపోవడం మొదలుపెట్టింది. తప్పు దానిది కాదు. ఇంట్లో వాడుకునేవాళ్లకే ఉచితమని ముందే రాసి ఉంది, మేం చదవలేదు. రెండోదానికి నా మెయిల్ ఖాతాతో లాగిన్ కావాలి. నా ఉత్తరాలన్నీ ఆమె లాప్‌టాప్‌లో తెరుచుకుంటాయని వెనక్కి తగ్గాను.

చివరికి నారాయణగూడలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన మూడోది చెప్పాడు.

“ఇది పూరా ఫ్రీ మేడం. ఇంటికైనా, దుకాణానికైనా. దాని ప్రోగ్రాం కోడ్ కూడా అందరికీ కనపడేటట్టు పెట్టిన్రు. జర సెట్టింగ్ చేసుకోవాలె, గంతే.”

ఆ సెట్టింగుకి రెండు రోజులు పట్టింది. ఆమె అక్కడ ‘క’ కొడితే ఇక్కడ ఇంకేదో పడేది. కీబోర్డు పద్ధతి మార్చాక కుదిరింది. ఒకటే మిగిలింది. ఆమె లోపలికి వచ్చిన ప్రతిసారీ ఇక్కడ నేను ‘అంగీకరించు’ అని నొక్కాలా, లేక శాశ్వతంగా ఒక పాస్‌వర్డ్ ఇచ్చెయ్యాలా? ప్రతిసారీ నేనే నొక్కుతానన్నాను.

“దుకాణం తాళంచెవి పన్నెండేండ్లు నా దగ్గర్నే ఉండె గదక్కా” అంది.

సిగ్గేసింది. ఆ పూటే పాస్‌వర్డ్ ఇచ్చేశాను.

రాత్రి కంప్యూటర్ ఆపకుండానే ఇంటికి వెళ్లేదాన్ని; మర్నాటి నుంచి నేను వచ్చేసరికే పని సాగుతుండేది. ఖాళీ కుర్చీ ముందు బాణం గుర్తు తనంతట తాను కదిలేది, వాక్యాలు పడేవి. మధ్యమధ్య ఆగేది. నడుము నొప్పి వచ్చిందని నాకు అర్థమయ్యేది.

ఒక ఉదయం కాఫీ తాగుతూ తెర చూస్తున్నాను. ఆమె ఏదో ఫైలు వెతుకుతోంది. బాణం ఒకచోట ఆగింది. ఆ ఫైలు తెరుచుకునేదాకా నాకు గుర్తులేదు. ఆమె పడిన మొదటి వారంలో, భయంతో నేను రాసుకున్న ప్రకటన అది: ‘అనుభవగ్ఞురాలైన టైపిస్టు కావలెను.’ ఎక్కడా వేయలేదు. చెరపనూ లేదు.

బాణం చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా ఆ పదం మీదికి వెళ్లింది. ‘గ్ఞ’ పోయి ‘జ్ఞ’ వచ్చింది. ఫైలు సేవ్ అయింది, మూసుకుంది. చరిత్ర పుస్తకం మళ్లీ తెరుచుకుంది.

షట్టరు దించేసి అశోక్ నగర్‌లో ఆమె గదికి నడిచాను. వీపు వెనక దిండ్లతో, ఒళ్లో లాప్‌టాప్‌తో ఉంది. నన్ను చూసి టైపు ఆపింది.

“అది మొదటి వారంలో రాసిందమ్మా. నువ్వు మళ్లీ...”

“నువ్వు రాసుడు తప్పంటలేనక్కా. దుకాణం నడవాలె గద. నాకొక మాట చెప్పి రాస్తే అయిపోతుండె.” కళ్లు తుడుచుకుంది. “నేను మళ్ల మెట్లెక్కుతనో లేదో నాకే తెల్వదు.”

క్షమించమని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పుస్తకం పరీక్షకు నెల ముందే అచ్చుకి వెళ్లింది. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని గదిలో నడుస్తోంది. రెండంతస్తులు ఎక్కడం మాత్రం ఇక కుదరదని డాక్టర్లు తేల్చేశారు. ఆ మాట విన్న రోజు ఆమె ఏడవలేదు. సెంటరుకి ఇంకొక మనిషి కావాలని తనే అంది. వచ్చిన ఇద్దరు ముగ్గురి చేత సెంటరులో టైపు చేయించి, తన గది నుంచే తెర మీద చూసి, ఒకమ్మాయిని తనే ఎంచుకుంది. ఆ అమ్మాయి ఒత్తు తప్పు కొట్టినప్పుడల్లా బాణం గుర్తు వచ్చి అక్కడ ఆగుతుంది. దిద్దదు. అమ్మాయి చూసుకుని తనే దిద్దుకునేదాకా అక్కడే ఉంటుంది.