ఆరుగురి బరువుకు బిగించిన ప్రొపెల్లర్

ధర్మవరం చెరువుకు కాలువ నీళ్ళు వచ్చిన ఏడు, అందులో షికారు బోటు నడిపే పని నాకు దొరికింది. ఉండేది పెనుకొండలో, ఒంటిగా. పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళేవాణ్ణి. బోటు గురించి నాకు తెలిసిందంతా హిందూపురం లైబ్రరీలో చదివిందే. అక్కడ బోటు ఇంజన్ల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. నేను తీసేదాకా దాని పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. పక్కన డిక్షనరీ పెట్టుకుని మొత్తం చదివాను. ఈ చుట్టుపక్కల దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఇంకొకరు లేరని ఇప్పటికీ గర్వమే.

ఓనరు బోర్లు వేయించే మనిషి. సెకండ్‌హ్యాండ్ ఇంజను కొని, నీళ్ళను వెనక్కి నెట్టే దాని రెక్కల ప్రొపెల్లర్ తీయించి, పిచ్ ఎక్కువున్నది తెప్పించాడు. మెత్తని చెక్కలోకి స్క్రూ దిగినట్టు, ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే పడవ ఎంత ముందుకు పోవాలో ఆ లెక్కే పిచ్.

"బోరులోకి మోటారు ఒక సైజు పెద్దదే దించుతాం కదప్పా, ఇదీ అంతే" అన్నాడు.

నేనొక్కణ్ణే ఎక్కి తిప్పితే పడవ దూసుకుపోయింది. ఆదివారం ఆరుగురు ఎక్కేసరికి వెనక భాగం కుంగింది, ముక్కు పైకి లేచింది, ఇంజను మూలిగింది.

"ఏమబ్బా, ఎనుము ఈదినట్లుండాదే!" అని పడవను గేదెతో పోల్చి ఒడ్డున జనం నవ్వారు.

"వచ్చే ఆదివారానికి సరిగ్గా పోతే సరే, లేకుంటే ఇంజను అమ్మేస్తా" అని ఓనరు తేల్చేశాడు. అమ్మేస్తే నాకు మళ్ళీ పాత గోడౌన్ కాపలానే గతి. అక్కడ పొద్దంతా పలకరించే మనిషి ఉండడు.

మోయాల్సిన బరువంతా ఎక్కించి, జోరు పెంచే థ్రాటిల్ పిడి చివరిదాకా తిప్పినా ఇంజను తన పూర్తి వేగాన్ని అందుకోకపోతే పిచ్ తగ్గించాలని చదివాను. తీసేసిన పాత ప్రొపెల్లర్ పిచ్ తక్కువే. రెక్కల అంచుల్లో సొట్టలు లేవు. షాఫ్టుకు గ్రీజు పూసి, దాన్ని ఎక్కించి, నట్టు బిగించి, అది ఊడకుండా పిన్ను వంచాను. ఇక కావలసింది ఆరుగురు మనుషులు. ఎవరిని పిలవాలో తోచలేదు. సంచుల్లో ఇసుక నింపి, బెంచీల మీద మనుషులు కూర్చునే చోట పేర్చాను.

ఒడ్డున టీ అమ్మే ఆమె చూసింది. "ఏమప్పా, ఇసకకు షికారా?"

"బరువు చూస్తాండా అక్కా."

"దానికి మనుషులు కరువా? నన్ను పిలిస్తే రానా? నేనొక్కదాన్నే రెండు మూటలకు సమానం!"

"నువ్వొస్తే టీ ఎవరు కాస్తారక్కా?" అన్నాను. ఆమెను పిలవొచ్చన్న ఆలోచనే నాకు రాలేదని మాత్రం చెప్పలేదు.

ఇసుకతో పడవ బాగానే పోయింది. ఆదివారం మగ్గాలు నేసే ఇంటివాళ్ళు ఆరుగురు ఎక్కారు. కాసేపటికే ముక్కు దిగి పడవ సమంగా సాగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఒడ్డున ఓనరు చెయ్యి ఊపాడు. ఇంజను అమ్మడని అర్థమైంది.

వాళ్ళు అవతలి కట్ట దగ్గర దిగి, నడిచి వెళ్తామన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మామూలుగానే థ్రాటిల్ తిప్పాను. బరువు లేక ఇంజను అతివేగంతో కీచుమంది. ఖాళీగా ఉన్నప్పుడు ఈ ప్రొపెల్లర్‌తో గట్టిగా పోకూడదు. థ్రాటిల్ సగానికి తగ్గించి, ఎదురుగా తడి బెంచీలను చూస్తూ, మెల్లగా ఒడ్డుకు వచ్చాను.